రెక్కల కుట్టు చూచి వచ్చాము

మాది పెద్దేముల్. వికారాబాదు, తాండూరు ప్రాంతాల వారికి తెలిసిన ఊరే. 2016 దాకా రంగారెడ్డి జిల్లాలో ఉండేది, ఇప్పుడు వికారాబాదు జిల్లాలో ఉంది. ఎటు చూచినా కంది, పత్తి చేలు. తాండూరు వైపు వెళ్తే నాపరాయి గనులు, రాయిని నునుపు చేసే యంత్రాల మోత. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది గనుక మా కందిపప్పు పేరు దూరపు వారు కూడా విని ఉంటారు. సెలవు దినాల్లో కోట్‌పల్లి ప్రాజెక్టు నీళ్లలో చిన్న పడవలు నడపడానికి హైదరాబాదు నుంచి పిల్లలు వస్తారు. ఇంతకు మించి మా వైపు వింతలు లేవు. అయితే ఈసారి మేము వ్రాస్తున్నది నేల మీది సంగతి కాదు, ఆకాశపు సంగతి.

మా ఆకాశంలో విమానాలు కొత్త కావు. దగ్గరలోని బీదరులో వాయుసేన శిక్షణ కేంద్రం ఉంది. హైదరాబాదు నుంచి కూడా శిక్షణ విమానాలు ఇటు వస్తుంటాయి. పత్తి ఏరే ఆడవారు ఒకసారి తల ఎత్తి చూచి, మళ్లీ పనిలో పడతారు. 2022 డిసెంబరులో మర్పల్లి మండలం మొగిలిగుండ్ల పొలాల్లో ఒక పెద్ద గుండ్రని యంత్రం దిగితే చుట్టుపక్కల ఊళ్లన్నీ అక్కడికే పరుగెత్తాయి. మనుష్యులను చాలా ఎత్తుకు తీసుకొని వెళ్లి చూపించాలనుకొన్న ఒక విదేశీ సంస్థ, హైదరాబాదులోని బెలూన్ కేంద్రం నుంచి ఖాళీగా పంపి పరీక్షించిన గది అది అని తరువాత తెలిసింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. పిల్లలకు అది చాలా రోజులు కబురయింది.

అంతకు ముందు జరిగినది మాత్రం కబురుగా చెప్పుకొనేది కాదు. 2019 అక్టోబరు 6, ఆదివారం. బంట్వారం మండలం సుల్తాన్‌పూర్ దగ్గర పత్తిచేనులో ఒక శిక్షణ విమానం కూలిపోయింది. అందులో ఉన్న ఇద్దరు శిక్షణార్థులు, ఒక అబ్బాయి, ఒక అమ్మాయి, చనిపోయారు. ఆ రోజు వాతావరణం బాగాలేదు. ఆరాధన ముగిసి ఇంటికి వచ్చాక మేము ఆ మాట విన్నాము. చూడడానికి వెళ్లినవారు తిరిగి వచ్చి అన్నం ముట్టలేదు. మా చెల్లెలు ఆ రోజంతా ఒకే మాట అన్నది: "ఎవరి బిడ్డో, వాళ్ల అమ్మ ఎట్ల ఉన్నదో."

మా చెల్లెలి సంగతి కొంత చెప్పాలి. ఆమె భర్త పోయి చాలా ఏండ్లయింది. ఇంటి ముందు గదిలో కుట్టుమిషను పెట్టుకొని జాకెట్లు, బడిపిల్లల బట్టలు కుట్టి ఒక్క కూతురిని చదివించింది. ఆ పిల్ల హైదరాబాదులో డిగ్రీ చదువుతూ ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరింది. ఒకసారి సెలవులకు వచ్చినప్పుడు సంచిలో నుంచి ఒక కాగితం తీసింది. శిక్షకుని పక్కన కూర్చొని చిన్న విమానంలో ఎగరడానికి ఇంటివారి సమ్మతి కావాలట.

తల్లి కాగితం చదవనైనా లేదు. "సుల్తాన్‌పూర్ మరిచినవా బిడ్డా? నేను సంతకం పెట్టను" అన్నది.

పిల్ల ఎదురు చెప్పలేదు. కాగితం మడిచి పుస్తకంలో పెట్టుకొన్నది. అన్నం తినేటప్పుడు మాత్రం, "పెద్దమ్మా, అసలు ఆ విమానం ఎట్లుంటదో ఒక్కసారి చూస్తే అమ్మ భయం పోతదేమో" అన్నది. ఆ మాటే మమ్మల్ని కదిలించింది. మా అబ్బాయి బెంగళూరులో పని చేస్తున్నాడు. చలికాలంలో వాడి ఇంటికి ఎలాగూ వెళ్లవలసి ఉంది. ఊరి ఉత్తరాన జక్కూరులో విమానాల మైదానం ఉందనీ, వాడికి తెలిసినవారు అక్కడ ఉన్నారనీ ఫోనులో చెప్పాడు. "నువ్వు సంతకం పెట్టనవసరం లేదు. వచ్చి చూడు, చాలు" అని చెల్లెలిని ఒప్పించాము.

తాండూరులో సాయంత్రం రైలెక్కాము. వాడి దాటి, కృష్ణ వంతెన దాటి, రాయచూరు చేరేసరికి చీకటి పడింది. నిద్ర పట్టక ముందు పిల్ల తల్లికి ఒక సంగతి చెప్పింది. మేమూ చెవి పెట్టి విన్నాము. ఈ చిన్న విమానాలకు మూలమైన రెక్కల్లో ఒకటి ఒక ఇంటి వంటగది పరదాతో పుట్టిందట! అమెరికాలో ఫ్రాన్సిస్ రొగాలో అనే ఇంజనీరు, గట్టి చట్రం లేకుండా మెత్తని గుడ్డతోనే రెక్క చేయవచ్చునని ఆలోచించాడు. 1948లో ఇంట్లోనే ఫ్యాను గాలికి పరీక్షలు చేశాడు. ఆ రెక్కను కుట్టి పెట్టింది ఆయన భార్య గెర్ట్రూడ్, అదీ వంటింటి పరదా గుడ్డతో. 1960లలో అంతరిక్ష నౌకలను దింపడానికి అది పనికి వస్తుందేమోనని పరీక్షించి వదిలేశారు. కాని కొండల మీది నుంచి గాలిలోకి దూకే సాహసికులు ఆ రెక్కను పట్టుకొన్నారు. 1970లలో కొందరు అటువంటి గ్లైడర్లకు చిన్న ఇంజను బిగించారు. అతి తేలిక విమానాల కథ అక్కడ ఊపందుకొన్నది.

"కుట్టింది ఆమెనా?" అని మా చెల్లెలు రెండుసార్లు అడిగింది. ఆ రాత్రి ఇంకేమీ మాట్లాడలేదు.

గుంతకల్లు, అనంతపురం, ధర్మవరం నిద్రలోనే దాటాము. హిందూపురం దగ్గర తెల్లవారింది. యలహంకలో దిగితే అక్కడి నుంచి జక్కూరు ఎంతో దూరం లేదు. దేవనహళ్లి పెద్ద విమానాశ్రయానికి వెళ్లే రహదారి పక్కనే ఆ మైదానం. మైసూరు రాజు ఇచ్చిన స్థలంలో 1948లో మొదలైన ప్రభుత్వ విమాన శిక్షణ పాఠశాల ఉన్న చోటు అది. అప్పుడు చుట్టూ పొలాలు ఉండేవట. ఇప్పుడు చుట్టూ అంతస్తుల ఇండ్లే.

మమ్మల్ని ఒక రేకుల షెడ్డులోకి తీసుకొని వెళ్లారు. అక్కడి మెకానిక్ హిందూపురం వైపు మనిషి. తెలుగు మాట వినగానే ఆయన ముఖం వికసించింది. షెడ్డులో మూడు విమానాలు ఉన్నాయి. పెద్ద విమానాలను ఆకాశంలోనే చూచిన మాకు, వీటిని చూడగానే నిజంగా కొంచెం నిరాశ కలిగింది. బొమ్మల్లా ఉన్నాయి. ఒకదాని తోకను ఆయన ఒంటి చేత్తో ఎత్తి పక్కకు జరిపాడు.

"దీని బరువు ఖాళీగా రెండున్నర క్వింటాళ్లమ్మా. ఇద్దరు మనుష్యులు, పెట్రోలు అన్నీ కలిపి నాలుగున్నర క్వింటాళ్లు దాటకూడదని దీని లెక్క" అన్నాడు. అంటే ఖాళీగా అయిదు బస్తాల కందులు, నిండుగా తొమ్మిది బస్తాలు. మా ఎడ్ల బండి ఇంతకన్నా ఎక్కువ మోస్తుంది!

అది ఎక్స్ ఎయిర్ అనే రకం. బెంగళూరులోనే తయారయినది. జోయెల్ కేష్లాఁ అనే ఫ్రెంచి దేశస్థుడు మన దేశానికి వచ్చి, 1980లో రాజ్‌హంస అల్ట్రాలైట్స్ అనే చిన్న సంస్థను పెట్టాడు. మొదట ఇంజను లేని గ్లైడర్లు, తరువాత మూడు చక్రాల బండికి రెక్క తగిలించినట్లుండే విమానాలు, ఆ తరువాత ఈ రెండు సీట్లవి చేశారు. విడిభాగాలుగా పెట్టెల్లో సర్ది ఫ్రాన్సు, బ్రిటను, ఆస్ట్రేలియా, అమెరికా దేశాలకు పంపారు. కొనుక్కొన్నవారు తమ ఇంటి గ్యారేజీలో తామే బిగించుకొనేవారు. ఇలా వెయ్యికి పైగా విమానాలు లోకమంతటా వెళ్లాయి. మన దేశం విమానాలు కొనడమే గాని అమ్మడం ఎరుగదని అనుకొనే మాకు ఇది కొత్త మాట.

మెకానిక్ ఒక్కొక్కటే చూపాడు. ఎముకలన్నీ అల్యూమినియం గొట్టాలు. వాటిని బోల్టులతో బిగించారు. ఒక్కొక్క నట్టుకూ అదురుకు వదులు కాకుండా కట్టుదిట్టం ఉంది. రెక్క మీది తోలు పాలియెస్టరు గుడ్డ, పడవల తెరచాపలకు వాడే డేక్రాన్ రకం. దానిని ముందే కుట్టి, దిండుకు గలీబు తొడిగినట్లు గొట్టాల మీదికి తొడుగుతారు. లోపల గొడుగు పుల్లల వంటివి దూర్చితే రెక్కకు వంపు వస్తుంది. ఆ వంపే గాలిలో విమానాన్ని మోస్తుంది.

అంత దాకా దూరంగా నిలబడిన మా చెల్లెలు అప్పుడు ముందుకు వచ్చింది. అడగకుండానే రెక్క అంచు చేత్తో పట్టుకొని, కుట్టు వెంబడి వేలు పోనిచ్చింది.

"ఇది జిగ్‌జాగ్ కుట్టు గదా, నేరుగా ఎందుకు వేయలేదు?"

మెకానిక్ నవ్వి, "మీరు కుడతారా అక్కా?" అన్నాడు. గాలి ఒత్తిడికి గుడ్డ కొంచెం సాగుతుంది. నేరు కుట్టయితే దారం తెగుతుంది, జిగ్‌జాగ్ అయితే గుడ్డతో పాటు సాగుతుంది అని చెప్పాడు. అది ఆమెకు తెలిసిన మాటే. బనీను గుడ్డకు ఆమె వేసేదీ అదే కుట్టు.

"ఎండకు గుడ్డ పీకిపోదా?"

"పోతుందక్కా. దీనికి పెద్ద శత్రువు ఎండే. అందుకే ఎగరనప్పుడు షెడ్డులో పెడతాం." ఆయన పెట్టెలో నుంచి చిన్న పరికరం తీశాడు. స్ప్రింగు త్రాసు వంటిది, చివర సూది. ఆ సూదిని గుడ్డలో గుచ్చి, నిర్ణయించినంత బరువుతో లాగి చూస్తారు. గుడ్డ చిరగకూడదు. కుట్టు దారాన్నీ అలాగే లాగి చూస్తారు. తప్పితే ఆ గుడ్డను తీసివేయవలసిందే. చూడడానికి బాగుంది గదా, ఇంకో నెల గడుపుదాం అనడానికి వీలు లేదు.

మా చెల్లెలు ఆ సూదిని చాలాసేపు చేతిలో పట్టుకొని చూచింది. తరువాత అసలు ప్రశ్న అడిగింది. "మా పిల్ల ఎక్కేది గుడ్డది కాదట గదా?"

నిజమే. ఎన్.సి.సి. పిల్లలు ఎగిరే విమానాల్లో యూరపులోని స్లొవేనియా దేశం నుంచి వచ్చినవి ఉన్నాయి. వాటి కథనూ ఆయన చెప్పాడు. అయిడోవ్‌షినా అనే చిన్న పట్టణంలో ఈవో బొస్కరోల్ అనే ఆయన 1989లో ఆ సంస్థను పెట్టాడు. అప్పుడది యుగొస్లావియాలో భాగం. ఇటువంటి విమానాలకు అక్కడ అనుమతి లేక, మొదట్లో పొద్దు గూకే వేళ ఎగిరేవారు. మూడు కోణాల రెక్క మసక చీకటిలో తిరుగుతుంటే ఊరివారు గబ్బిలాలు అన్నారు. ఆ పేరే సంస్థకు పెట్టుకొన్నారు, పిపిస్ట్రెల్ అని. ఆ చిన్న సంస్థే 2011లో అతి తక్కువ శక్తితో ఎగిరే విమానాల పోటీలో అమెరికా అంతరిక్ష సంస్థ బహుమతి గెలిచింది. 2020లో వారి కరెంటు విమానానికి యూరపు విమాన భద్రతా సంస్థ ఆమోదం వచ్చింది. ఆ జాతి విమానాల్లో అటువంటి ఆమోదం పొందినది ప్రపంచంలో అదే మొదటిది. 2022లో ఒక పెద్ద అమెరికా కంపెనీ ఆ సంస్థను కొన్నది. 2015లో మన వాయుసేన, నౌకాదళం, ఎన్.సి.సి.ల కొరకు వారికి 194 విమానాలు పురమాయించారు.

ఆ విమానం అసలు పేరు విని మేము ఉలిక్కిపడ్డాము. వైరస్ అట! కరోనా రోజులు గడిచిన తరువాత ఆ పేరు ఏ తల్లి చెవికి ఇంపుగా ఉంటుంది? మన దేశంలో దానిని గరుడ్ అన్నారు. మేలయింది.

దాని ఒళ్లు గుడ్డ కాదు, నారపొరలను జిగురుతో అతికి గట్టిపరచినది. లోపల పొర విడిపోతే పైకి కనబడదు. అందుకు ఏం చేస్తారని చెల్లెలు అడిగితే, మెకానిక్ జేబులో నుంచి రూపాయి బిళ్ల తీసి అటువంటి పలక మీద టక టక కొట్టి చూపాడు. గట్టిగా ఉన్న చోట శబ్దం ఖణీమంటుంది, పొర విడిన చోట బొద్దుగా వస్తుంది. సంతలో కుండ కొనేటప్పుడు మనం వేలితో కొట్టి చూడమా? అదే పద్ధతి. చెల్లెలి ముఖంలో మొదటిసారి చిన్న నవ్వు కనబడింది.

"ఇంజను ఆగిపోతే?" అని ఈసారి మేమే అడిగాము.

ఆయన దాచలేదు. గుడ్డ విమానాల్లో ఉండే టూ స్ట్రోకు ఇంజను పాత స్కూటరు ఇంజను జాతిది, పెట్రోలులో ఆయిలు కలిపి పోసేది. శక్తి దాదాపు 50 గుర్రాలు, మన ఊరి ట్రాక్టరంత. ఆ ఇంజను చేసిన ఆస్ట్రియా కంపెనీ రోటాక్స్, ఇది ఎప్పుడైనా ఆగవచ్చు, ఇంజను లేకుండా దిగడానికి వీలు లేని చోట ఎగరవద్దు అని తన పుస్తకంలోనే హెచ్చరించింది. పిల్లలు ఎక్కే గరుడ్‌లో ఉన్నది 80 గుర్రాల ఫోర్ స్ట్రోకు ఇంజను, నమ్మకంలో దీనికన్నా మేలు. అయినా అది కూడా ఆగుతుందనుకొనే శిక్షణ ఇస్తారు. ఆగినంత మాత్రాన విమానం రాయిలా పడదు. వెయ్యి అడుగుల ఎత్తులో ఉంటే, గాలి అనుకూలిస్తే సుమారు అయిదు కిలోమీటర్లు తేలుతూ పోగలదు. ఆ లోపల చదునైన చోటు చూచుకొని దిగాలి. అందుకే మంచి పైలటు ఎగిరినంత సేపూ కింద పొలాలను చూస్తూనే ఉంటాడు. కొన్నింటిలో విమానం మొత్తాన్ని మెల్లగా దింపే పారాచూటు కూడా ఉంటుంది.

"మరి మబ్బు, గాలి?" చెల్లెలు అడిగింది. ఆమె ఎందుకు అడిగిందో మాకు తెలుసు.

అప్పుడే ఎగిరి వచ్చి టీ తాగుతున్న ఒక పెద్దమనిషి, చాలా ఏండ్లుగా నేర్పుతున్న శిక్షకుడు, కప్పు కింద పెట్టి జవాబు చెప్పాడు. ఆయన మాటలను మెకానిక్ మాకు తెలుగులో చెప్పాడు. సుల్తాన్‌పూర్‌లో కూలినది ఇంతకన్నా పెద్ద రకం. అటువంటి దానికే వాతావరణం గండమయినప్పుడు తొమ్మిది బస్తాల బరువున్న దీనికి ఇంకెంత గండమో చెప్పనక్కర లేదు. అందుకే ఇవి పొద్దున, సాయంత్రం గాలి నెమ్మదిగా ఉన్న వేళల్లో ఎగురుతాయి. ఎండాకాలం మధ్యాహ్నం మా నల్లరేగళ్లలో లేచే సుడిగాలిని తలచుకొంటే మాకు ఆ సంగతి వెంటనే అర్థమయింది. "బోల్టును పరీక్షించడానికి పాన ఉంది, గుడ్డకు సూది ఉంది. ఈ రోజు ఎగరవద్దు అని చెప్పడానికి మాత్రం ఏ పరికరమూ లేదు, మనిషే చెప్పాలి. శిక్షణలో అన్నిటికన్నా కష్టమైన పాఠం అదే" అన్నాడు ఆయన.

ఒక విమానం బయటికి తీశారు. ఎగరబోయే ముందు పైలటు దాని చుట్టూ నడిచి ప్రతి కీలునూ చేత్తో కదిపి చూచాడు. పెట్రోలు తొట్టి అడుగు నుంచి కొంచెం సీసాలోకి తీసి వెలుతురుకు పట్టి చూచాడు. నీరు పెట్రోలు కన్నా బరువు గనుక, ఉంటే అడుగుకే చేరుతుంది. ఇంత చేసిన తరువాతే ఎక్కాడు. మేము నూరు అడుగులు లెక్కపెట్టేలోగా అది నేల విడిచింది. పిల్ల కళ్లు దానితో పాటే పైకి వెళ్లాయి. తల్లి మాత్రం పిల్లనే చూస్తూ ఉన్నది.

తిరుగు ప్రయాణంలో సంతకం మాట ఎవరమూ ఎత్తలేదు. పెద్దేముల్ చేరిన మూడవ రోజున మా చెల్లెలు పిల్లను మిషను దగ్గరికి పిలిచింది. మేమూ అక్కడే ఉన్నాము. "కాగితం తే" అన్నది. పిల్ల తెచ్చింది. ఈసారి తల్లి దానిని మొదటి నుంచి చివరి దాకా చదివింది.

"నాకు ఒక్క మాట ఇయ్యి. మబ్బున్నా, గాలి ఎక్కువున్నా, నీ మనసుల భయమున్నా, ఎవరు నవ్వినా సరే, ఇయ్యాల ఎక్కను అని చెప్పాలె. చెప్పగలవా?"

పిల్ల వెంటనే జవాబు ఇవ్వలేదు. అది మాకు నచ్చింది. కొంత ఆలోచించి, "చెప్తనమ్మా" అన్నది. తల్లి సంతకం చేసింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి.

నెల తరువాత ఒక ఉదయం ఫోను వచ్చింది. "ఇయ్యాల నా వంతు వచ్చింది పెద్దమ్మా. కాని గాలి ఎక్కువుందని సారు ఎవ్వరినీ ఎక్కనియ్యలేదు" అని పిల్ల చిన్నబుచ్చుకొన్న గొంతుతో చెప్పింది. ఆ మాట చెప్పగానే మా చెల్లెలు కళ్లు తుడుచుకొని, "ఇప్పుడు నాకు ధైర్యం వచ్చింది" అన్నది. పిల్ల ఎగిరిన రోజు కన్నా ఎగరని ఆ రోజే ఆమెకు నిద్ర పట్టింది. ఆ తరువాతి వారం నెమ్మదైన ఉదయాన పిల్ల మొదటిసారి ఎగిరి, క్షేమంగా దిగింది.

మన పల్లెల పిల్లలు ఈ రోజుల్లో మనం ఎరుగని దారులు అడుగుతున్నారు. వద్దనడం సులభం, కండ్లు మూసుకొని సరే అనడం కూడా సులభమే. వారితో పాటు వెళ్లి, ఆ పనిలోని కుట్టును మన చేత్తో తడిమి చూచి, ఆ తరువాత మాట చెప్పడం కొంచెం కష్టం. దానికి రెండు రోజుల కూలి పోతుంది, రైలు ఖర్చవుతుంది. ఆ కష్టం పడదగినదని మేము మా చెల్లెలి దగ్గర నేర్చుకొన్నాము.

ఇప్పుడు కూడా మా ఊరి మీదుగా విమానం పోతే ఆమె మిషను తొక్కడం ఆపి గుమ్మంలోకి వస్తుంది. ముందు ఆకాశంలో మబ్బు ఉన్నదా అని చూస్తుంది. తరువాతే విమానాన్ని చూస్తుంది.